తళ్లికోట ఓటమిలో రామరాయల పాలు ఎంత?

విజయనగరం ఎందుకు పోయిందని అడిగితే మనవాళ్లు సాధారణంగా మూడు జవాబులు చెబుతారు. అళియ రామరాయల గర్వమే కొంప ముంచిందనేది మొదటిది. ఆయన కొలువులోని ఇద్దరు ముస్లిం సర్దారులు యుద్ధం మధ్యలో పక్షం మార్చారనేది రెండోది. సుల్తానులంతా మతం పేరుతో ఏకమయ్యారు కాబట్టి అక్కడ ఎవరున్నా ఓడేవారేననేది మూడోది. మొదటి జవాబు నేరమంతా రామరాయల నెత్తిన వేస్తుంది. మిగతా రెండూ ఆయన్ని దాదాపు నిర్దోషిగా వదిలేస్తాయి.

నాలుగున్నర శతాబ్దాలు దాటినా ఈ తగవు తెగలేదు. 1565 జనవరి 23న కృష్ణ ఒడ్డున జరిగిన ఆ యుద్ధం తెలుగు, కన్నడ దేశాల చరిత్రను మరో దారికి మళ్లించింది. అంత పెద్ద నష్టానికి బాధ్యుణ్ణి వెతకడం మనుషుల సహజ గుణం. అయితే ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. యుద్ధం ఎందుకు వచ్చింది అనేది ఒకటి. ఒక్క పూట ఓటమి ఒక మహానగరం అంతానికి ఎందుకు దారితీసింది అనేది మరొకటి. ఈ రెంటినీ ఒకటిగా కలిపి విచారించడం వల్లే రామరాయలకు అయితే అతి కఠినమైన శిక్ష, లేకపోతే అతి తేలికైన విడుదల దొరుకుతున్నాయి. విడివిడిగా విచారిస్తే తీర్పు వేరుగా ఉంటుంది.

అధికారం చేతికి వచ్చిన తీరు

శ్రీకృష్ణదేవరాయలు 1529లో కన్నుమూశాక తమ్ముడు అచ్యుతరాయలు సింహాసనం ఎక్కాడు. రాయల అల్లుడు, ఆరవీటి వంశస్థుడు అయిన రామరాయలు అప్పటికే కొలువులో ఒక బలమైన పక్షానికి పెద్ద. అంతకుముందు ఆయన కొంతకాలం గోల్కొండ సుల్తాన్ కులీ దగ్గర పనిచేశాడని కుతుబ్ షాహీల చరిత్ర ఒకటి చెబుతోంది. సుల్తానుల కొలువుల లోగుట్టు ఆయనకు తెలియడంలో ఆశ్చర్యం లేదు.

1542లో అచ్యుతరాయలు పోయాక ఆయన చిన్న కొడుకుకు పట్టం కట్టారు. ఆ పిల్లవాడి మేనమామ సలకం తిరుమల అధికారం చేజిక్కించుకుని, మేనల్లుణ్ణే చంపించాడు. ఈ కల్లోలంలోకి బీజాపూరు సుల్తాను కూడా తలదూర్చాడు. అప్పుడు రామరాయలు గుత్తి కోటలో బందీగా ఉన్న రాజవంశీకుడు సదాశివుణ్ణి విడిపించి రాజుగా ప్రకటించాడు. తమ్ముళ్లు తిరుమల, వేంకటాద్రులతో కలిసి సలకం తిరుమలను తుదముట్టించి, 1543 నాటికి రాజధానిని స్వాధీనం చేసుకున్నాడు. నాటి నుంచి తళ్లికోట దాకా, ఇరవై ఏళ్లకు పైగా, విజయనగరాన్ని నడిపింది రామరాయలే. శాసనాల్లో రాజు పేరు మాత్రం సదాశివరాయలు.

నేరం మోపేవారి వాదన

అప్పటి దక్కనులో బీజాపూరు, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదరు, బీరారు అని బహమనీ సామ్రాజ్యం చీలగా ఏర్పడిన ఐదు సుల్తానత్‌లుండేవి. ఒకదానికి ఒకటి పడేది కాదు. షోలాపూరు, కల్యాణి కోటల కోసం బీజాపూరుకూ అహ్మద్‌నగర్‌కూ నిత్యం పేచీయే. రామరాయలు ఈ పేచీల్లో ఒకసారి ఒకరి పక్షాన, మరోసారి ఇంకొకరి పక్షాన దిగాడు. మొదట అహ్మద్‌నగర్ బుర్హాన్ నిజాం షాతో చేరి బీజాపూరును కొట్టాడు. తరువాత బీజాపూరు అలీ ఆదిల్ షాతో చేరి, గోల్కొండనూ కలుపుకుని, బుర్హాన్ కొడుకు హుసేన్ నిజాం షా మీదికి వెళ్లాడు. 1558 తరువాతి ఐదారేళ్లలో అహ్మద్‌నగర్ రాజ్యం మీదికి రెండు పెద్ద దండయాత్రలు నడిచాయి.

ఆయన తప్పు శత్రువులను కొట్టడంలో లేదు, మిత్రులను కూడా దోచుకోవడంలో ఉంది అంటారు విమర్శకులు. ఈ దండయాత్రల ముగింపులో బీజాపూరు కొంత భూమి వదులుకోవలసి వచ్చింది. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా పానగల్లు, కోయిలకొండ వంటి కోటలు ఇచ్చుకున్నాడు. ఈ ఇబ్రహీం పరాయివాడు కాడు. అన్న జంషీద్‌కు భయపడి 1543లో విజయనగరం చేరి, ఏడేళ్లు రామరాయల ఆశ్రయంలో బతికినవాడు. 1550లో గోల్కొండ గద్దె ఎక్కింది కూడా ఆ అండతోనే. అలీ ఆదిల్ షా మాట మరీ విచిత్రం. రామరాయల కొడుకు చనిపోతే పరామర్శకు కొద్దిమంది పరివారంతో విజయనగరం వచ్చాడనీ, రామరాయల భార్య ఆయన్ని కొడుకుగా స్వీకరించిందనీ చరిత్రకారుడు ఫిరిస్తా రాశాడు. తిరిగి వెళ్లేటప్పుడు సాగనంపడానికి రామరాయలు రాలేదని మనసు కష్టపెట్టుకున్నాడని కూడా ఆయనే రాశాడు. కొడుకు వరస అయినవాడూ, ఇంట్లో ఏడేళ్లు అన్నం తిన్నవాడూ చివరికి ఎదురు నిలిచారంటే, లోపం వాళ్లలోనే ఉందా?

పరాభవాల పట్టిక ఇంకా ఉంది. సంధి కోసం హుసేన్ నిజాం షా స్వయంగా రామరాయల గుడారానికి వచ్చాడు. కూర్చున్నచోటి నుంచే రామరాయలు ఆయన చెయ్యి అందుకున్నాడు. హుసేన్ వెంటనే నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కున్నాడు. నా అతిథివి కాకపోతే ఆ చేతులు ఉండేవి కావన్నట్టుగా రామరాయలు రుసరుసలాడి, తానూ చేతులు కడుక్కున్నాడు. ఫిరిస్తా చెప్పిన ఈ ఘట్టం నిజమే అయితే, ఇద్దరి మధ్యా రాజీకి చోటు లేదని ఆ రోజే తేలిపోయింది. సుల్తానుల రాయబారులను రామరాయలు చిన్నచూపు చూశాడనీ, అహ్మద్‌నగర్ దండయాత్రలో ఆయన సైనికులు మసీదులను అపవిత్రం చేశారనీ సుల్తానుల పక్షపు చరిత్రకారులు నిష్టూరమాడారు.

వీటి ఫలితం 1564 నాటికి కనిపించింది. బద్ధశత్రువులైన అహ్మద్‌నగర్, బీజాపూరు వియ్యమందుకున్నాయి. హుసేన్ కూతురు చాంద్ బీబీని అలీకి ఇచ్చి, దశాబ్దాల పేచీకి మూలమైన షోలాపూరును కట్నంగా ముట్టజెప్పారు. అలీ చెల్లెలు హుసేన్ కొడుకు ముర్తజాకు భార్య అయింది. గోల్కొండ, బీదరు వచ్చి కలిశాయి. బీరారు మాత్రం రాలేదు. ఎన్నడూ కలవనివాళ్లను కలిపినవాడు రామరాయలే అన్న అభియోగం ఇక్కడ బలంగా నిలుస్తుంది.

సమర్థించేవారి వాదన

ఇక రెండో పక్క. మొదట సాక్షులెవరో చూడాలి. ఫిరిస్తా అహ్మద్‌నగర్‌లో పెరిగి బీజాపూరు కొలువులో రాసినవాడు. యుద్ధం జరిగిన సుమారు నలభై ఏళ్లకు తన గ్రంథం సిద్ధం చేశాడు. బుర్హానె మాసిర్ రాసిన తబాతబాయి అహ్మద్‌నగర్ ఆస్థానం మనిషి. అంటే రామరాయల గర్వం కథలన్నీ గెలిచినవారి ఇళ్లలో పుట్టాయి. తల నరికినవాడికి, నరకడం న్యాయమేనని చెప్పే కథ అవసరం. చేతులు కడుక్కున్న ఘట్టం కల్పితమని అనలేం గానీ, దాన్ని ప్రమాణంగా తీసుకుని ఒక మనిషి స్వభావాన్ని తేల్చడం ప్రమాదం.

రెండోది, రామరాయలు చేసింది కొత్త పని కాదు. ఆయన మామగారు 1520లో రాయచూరు దగ్గర ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించాక, తన పాదాన్ని ముద్దుపెట్టుకుంటేనే కోట తిరిగి ఇస్తానని షరతు పెట్టాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. గుల్బర్గా దాకా వెళ్లి, బహమనీ రాకుమారుణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి, యవనరాజ్య స్థాపనాచార్యుడనే బిరుదు ధరించిందీ శ్రీకృష్ణదేవరాయలే. ఉత్తరాది పొరుగువారి తగాదాల్లో పెద్దరికం చేయడం విజయనగరానికి వారసత్వంగా వచ్చిన నీతి. అదే పని మామ చేస్తే పరాక్రమమనీ, అల్లుడు చేస్తే అహంకారమనీ అనడం న్యాయం కాదు. ఒకరు గెలుస్తూ చనిపోయారు, మరొకరు ఓడి చనిపోయారు, అంతే తేడా.

మూడోది, ఆ నీతి ఇరవై ఏళ్లు పనిచేసింది. 1543 నుంచి 1564 దాకా విజయనగరం గోడల ముందుకు ఏ సుల్తాను సైన్యమూ రాలేదు. సుల్తానులతో పెద్ద యుద్ధాలు చాలావరకు కృష్ణకు ఉత్తరాన, అవతలివారి పొలాల్లో జరిగాయి. అచ్యుతరాయల చివరి రోజుల్లో అంతఃకలహాలతో కుదేలైన రాజ్యం, సుల్తానులే సాయానికి వచ్చి అడిగే స్థితికి చేరింది. 1547లో పోర్చుగీసువారితో ఒప్పందం చేసుకుని గుర్రాల సరఫరాను తనవైపు తిప్పుకున్నదీ ఈ కాలంలోనే.

నాలుగోది అన్నిటికంటే గట్టి ప్రశ్న. ఊరుకుని ఉంటే ఏమయ్యేది? పొరుగువారు తమలో తాము కొట్టుకుంటుంటే పక్కన నిలబడి చూడటం క్షేమమని మనకు అనిపించవచ్చు. కానీ ఐదుగురిలో ఒకడు మిగతావారిని మింగి పెద్దవాడైతే, మళ్లీ బహమనీ సామ్రాజ్యమంత శత్రువు ఏర్పడేవాడు. ఎవరినీ మరీ పెరగనివ్వకుండా, ఎవరినీ పూర్తిగా చావనివ్వకుండా చూడటమే రామరాయలు ఎంచుకున్న దారి. నిజానికి ఆయన మిత్రులూ ఆయనతో ఆ ఆటే ఆడారు. అహ్మద్‌నగర్ ముట్టడిలో ఉన్నప్పుడు, రామరాయల పక్షాన దిగిన ఇబ్రహీం కుతుబ్ షాయే లోపల ఉన్నవారికి లోపాయికారీగా సాయం చేశాడని ఫిరిస్తా చెబుతాడు. నీతిమాలిన ఆట అనుకుంటే అందులో అందరూ భాగస్వాములే. తిలా పాపం తలా పిడికెడు.

ఈ రెండు వాదాలనూ పక్కపక్కన పెడితే నాకు తోచేది ఇది. దక్కను రాజకీయంలో జోక్యం చేసుకోవడం రామరాయల తప్పు కాదు. అయితే ఆ నీతి నిలవాలంటే, ఎప్పుడూ కనీసం ఒక బలమైన సుల్తాను తనవైపు ఉండి తీరాలి. అది ఆ నీతికి ఊపిరి. 1560 తరువాత ఆయన మిత్రులిద్దరి భూములూ పట్టుకుని ఆ ఊపిరినే బిగించాడు. పానగల్లు, కోయిలకొండ కోటల వల్ల వచ్చిన లాభం ఇబ్రహీం స్నేహం కంటే చాలా చిన్నది. ఇది లెక్క తప్పడం. గర్వం అనే మాట వాడకుండానే ఈ మాట చెప్పవచ్చు. యుద్ధం రావడంలో ఆయన పాలు ఉంది. అయితే పొరుగువారి ఆశలదీ, పాత పగలదీ అంతే పాలు.

ద్రోహం, మతం, ఫిరంగులు

యుద్ధభూమి ఎక్కడన్నది పేర్లలోనే చిక్కుపడింది. సుల్తానుల సైన్యాలు కూడింది కృష్ణకు ఉత్తరాన తళ్లికోటలో. రేవులన్నీ రామరాయల సైన్యం కాపలాలో ఉంటే, నది వెంబడి అటూ ఇటూ కదిలి ఆ కాపలాను ఏమార్చి, వారు దక్షిణపు ఒడ్డుకు దాటారు. రక్కసగి, తంగడిగి, బన్నిహట్టి అనే గ్రామాల పేర్లతో కూడా అందుకే ఈ యుద్ధాన్ని పిలుస్తారు.

ఫిరిస్తా ప్రకారం రామరాయలకు అప్పటికి ఎనభై ఏళ్లు. తమ్ముళ్లిద్దరూ చెరో పక్షాన బీజాపూరు, గోల్కొండ, బీదరు సైన్యాలను ఎదుర్కొని మొదట వెనక్కి నెట్టారు. మధ్యలో ఆయనకు ఎదురుగా హుసేన్ నిజాం షా. హుసేన్ ముందు ఆరు వందల ఫిరంగులు మూడు వరుసల్లో, గొలుసులతో కట్టి ఉన్నాయి. ముందు పెద్దవి, వెనుక మధ్యరకం, ఆ వెనుక ఒంటెల మీద పెట్టి పేల్చే చిన్నవి. వాటిని నడిపినవాడు చలబీ రూమీ ఖాన్. రామరాయలు పల్లకి దిగి, పందిరి కింద వేయించిన సింహాసనం మీద కూర్చుని, వీరులకు పంచడానికి బంగారు నాణేలు ముందు రాశిపోయించాడు. విజయనగర సైన్యం ఫిరంగులకు అతి దగ్గరగా వచ్చినప్పుడు రూమీ ఖాన్ గుండ్లకు బదులు రాగి నాణేల సంచులు కూరి పేల్చాడు. ఆ నాణేలు చెల్లాచెదురుగా ఎగిరి వేల మందిని కూల్చాయి. మళ్లీ పల్లకి ఎక్కిన రామరాయలను, ఏనుగు ఒకటి దూసుకువస్తే భయపడిన బోయీలు కింద వదిలేసి పారిపోయారు. పట్టుబడిన వృద్ధుడి తలను హుసేన్ అక్కడికక్కడే నరికించి, ఈటెకు గుచ్చి ఎత్తించాడు. ఆ తల చూసి సైన్యం చెదిరిపోయింది.

మరి ద్రోహం కథ? యుద్ధం జరిగిన రెండేళ్లకు, 1567లో, విజయనగరం వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ దాన్ని రాశాడు. భారీ సేనలున్న ఇద్దరు ముస్లిం సేనానులు యుద్ధం మధ్యలో తిరగబడ్డారని ఆయన విన్నాడు. అంత త్వరగా, అదే ఊళ్లో విన్న మాటను కొట్టిపారేయలేం. ఫిరిస్తా మాత్రం ఈ ద్రోహం ఊసే ఎత్తలేదు. గెలుపు ఘనతను తమ ఫిరంగులకే దక్కించుకోవాలని గెలిచినవారు అనుకోవచ్చు. ఓటమి నెపాన్ని ద్రోహుల మీద నెట్టాలని ఓడినవారు అనుకోవచ్చు. ఏదో ఒకవైపు తిరుగుబాటు జరిగి ఉండవచ్చన్నంత వరకే నేను ఒప్పుకుంటాను.

మతం మాటనూ అలాగే తూచాలి. సుల్తానుల చరిత్రకారులు దీన్ని ధర్మయుద్ధంగా వర్ణించారు. సైనికులను కూడగట్టడానికి ఆ పిలుపు పనికివచ్చిందనడంలో సందేహం లేదు. నగరంలో దేవాలయాలు దెబ్బతిన్న సంగతీ కళ్లముందే ఉంది. కానీ కొలువుల లోపలికి చూస్తే గీత అంత తిన్నగా లేదు. బీజాపూరు సైన్యంలో మరాఠా రౌతులున్నారు. బీజాపూరులో కొలువు పోగొట్టుకున్న విదేశీ ముస్లిం సిపాయిలకు రామరాయలు పని ఇచ్చాడు. 1551 నాటి బేవినహళ్లి తామ్రశాసనం ఒక చిత్రమైన సంగతి చెబుతుంది. ఐన్ ఉల్ ముల్క్ అనే ముస్లిం సర్దారు రామరాయలకు మనవి చేసుకున్నాడు. రామరాయలు సదాశివరాయలకు విన్నవించాడు. అప్పుడు రాజు బ్రాహ్మణులకు ఆ గ్రామాన్ని దానమిచ్చాడు. బ్రాహ్మణుల అగ్రహారం కోసం సిఫారసు చేసినవాడు ఒక ముస్లిం సేనాని. ఇక తళ్లికోటలో పుట్టిన ఐక్యత ఎన్నాళ్లు నిలిచిందంటే, హుసేన్ ఆ ఏడాది జూన్‌లోనే చనిపోయాడు. రెండేళ్లు తిరిగేసరికి అలీ ఆదిల్ షా ఆనెగొంది మీదికి వస్తే, రామరాయల తమ్ముడు సాయం అడిగింది అహ్మద్‌నగర్‌నే. అహ్మద్‌నగర్ సైన్యం బీజాపూరు మీదికి కదిలింది కూడా. మతమే మూలమైతే ఈ పొత్తు ఇంత త్వరగా తిరగబడేది కాదు.

యుద్ధంలో ఓటమికి నా దృష్టిలో బలమైన కారణం ఫిరంగులు. రాయచూరులో ఫిరంగుల బలం ఉన్నది బీజాపూరుకు, గెలిచింది రాయలు. గెలిచినవాడికి పద్ధతి మార్చుకోవలసిన అవసరం కనిపించదు, ఓడినవాడికి తప్పదు. తరువాతి నలభై ఏళ్లలో సుల్తానులు రూమీ, అంటే ఒట్టోమన్ తుర్కు, నిపుణులను రప్పించుకుని పోత పోయించారు. ఇప్పుడు బీజాపూరు బురుజు మీద ఉన్న మాలికె మైదాన్ 1549లో అహ్మద్‌నగర్‌లో పోసిందే. విజయనగరం దగ్గర ఫిరంగులు లేకపోలేదు. కానీ దాని నమ్మకం ఇంకా గుర్రాల మీద, ఏనుగుల మీద, జనసంఖ్య మీద ఉంది. ఇందులో రామరాయల బాధ్యత కాదనలేనిది. అయితే మామగారి గెలుపు కూడా ఈ నిర్లక్ష్యానికి ఒక కారణమని గుర్తుపెట్టుకోవాలి.

నగరాన్ని ఎవరు వదిలేశారు?

ఇక్కడి నుంచి రెండో ప్రశ్న మొదలవుతుంది. నా ఉద్దేశంలో అసలు విచారణ జరగవలసింది ఇక్కడే.

విజయనగరం సైన్యాలు అంతకుముందు ఓడకపోలేదు. బుక్కరాయల కాలంలో బహమనీ మహమ్మద్ షా వచ్చాడు. 15వ శతాబ్దం మొదట్లో ఫిరోజ్ షా సైన్యం ఊరి వీధుల దాకా చొరబడిందని ఫిరిస్తానే రాశాడు. ప్రతిసారీ బయట మైదానంలో దెబ్బతిన్నా, నగరం నిలబడింది. ఏడు ప్రాకారాల నగరమని 1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మెచ్చుకున్నది ఊరికే కాదు. కొండలూ తుంగభద్రా ఇచ్చిన రక్షణ 1565లోనూ అక్కడే ఉంది. గోడలూ ఉన్నాయి. వాటి మీద నిలబడేవారే లేరు.

యుద్ధం నుంచి బతికి బయటపడ్డ తమ్ముడు తిరుమల రాజధానికి వచ్చి, సదాశివరాయలను, రాజకుటుంబాన్ని, వందల ఏనుగుల మీదికి ఎక్కించిన ఖజానాను వెంటబెట్టుకుని పెనుకొండకు వెళ్లిపోయాడు. నగరంలో మిగిలిన జనానికి రాజు లేడు, సేనాని లేడు. సుల్తానులు చేరకముందే చుట్టుపక్కల నుంచి దోపిడీ మూకలు ఊరి మీద పడ్డాయని పోర్చుగీసు చరిత్రకారుడు కూటో రాశాడు. ఆ తరువాత సుల్తానుల సైన్యాలు నెలల తరబడి అక్కడే ఉండి చేతనైనంత కాల్చి, కూల్చి, తవ్వి పోయాయి.

దీనికి ఎదురుగా అదే కాలంలోని మరో రాజధానిని పెట్టి చూడండి. రామరాయల దండయాత్రల్లో హుసేన్ నిజాం షా అహ్మద్‌నగర్‌ను వదిలి పారిపోయాడు. అయినా అంతకు ముందే రాతితో బలపరుస్తూ వచ్చిన కోటలో దండును నిలిపి వెళ్లాడు. రాజు లేకపోయినా కోట లొంగలేదు. రెండో ముట్టడిలో వానలు ముంచుకొచ్చాయి, సీనా నది పొంగి రామరాయల శిబిరాన్ని ముంచేసింది, ముట్టడి ఎత్తేయవలసి వచ్చింది. ఓడిపోయిన హుసేన్ కోలుకుని మళ్లీ ఎదురు నిలవగలిగింది ఆ కోట నిలిచినందువల్లే. తళ్లికోట తరువాత విజయనగరానికి అలాంటి అవకాశం ఎందుకు దక్కలేదు?

దీనికి సమాధానం రామరాయలు రాజ్యాన్ని నడిపిన పద్ధతిలో ఉంది. బేవినహళ్లి శాసనంలో రాజు అంగీకారం అడిగే మర్యాద కనిపిస్తుంది గానీ, ఆ రాజు బందీ. ఏడాదికి ఒకసారి మాత్రమే ప్రజలకు కనిపించేవాడని సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. కీలకమైన పదవులు, దుర్గాలు ఆరవీటి బంధువుల చేతుల్లోకి వెళ్లాయి. పాత నాయకులకు రాజు మీద భక్తి ఉన్నా, ఆ రాజు చేతిలో ఏమీ లేదు. చేతిలో అన్నీ ఉన్న రామరాయల మీద భక్తి చూపవలసిన ధర్మం వారికి లేదు. పైగా ముగ్గురు అన్నదమ్ములూ ఒకే మైదానంలో నిలబడ్డారు. రాజధానిలో ఆజ్ఞ ఇవ్వగలిగినవాడు ఒక్కడూ మిగల్లేదు. అన్నీ ఒక ఇంటి మీద, ఆ ఇల్లంతా ఒక ముసలి మనిషి మీద ఆధారపడింది. ఇంటి దూలం ఒక్కటే ఉండి, అది విరిగితే ఏం జరుగుతుందో అదే జరిగింది.

రామరాయల పక్షాన ఇక్కడ కూడా చెప్పవలసింది ఉంది. 1543లో ఆయన తానే కిరీటం పెట్టుకుని ఉంటే మరో అంతర్యుద్ధం వచ్చేది. శ్రీకృష్ణదేవరాయల తుళువ వంశానికి నామమాత్రపు గౌరవం ఇచ్చి, అధికారం తాను నడపడం ఆ రోజుకు తెలివైన రాజీ. ఆ కాలపు యుద్ధాల్లో రాజు తల తెగితే ఏ సైన్యమైనా చెదిరేదే. అంత విశాలమైన నగరాన్ని కాపాడటం ఒక చిన్న కోటను కాపాడినంత తేలికా కాదు. తిరుమల నగరాన్ని వదలడంలో కూడా ఒక లెక్క ఉంది. ఖజానాను, రాజును తీసుకుపోయినందువల్లే రాజ్యం బతికింది. 1570 ప్రాంతంలో పెనుకొండలో తిరుమలే పట్టం కట్టుకున్నాడు. ఆయన వంశం పెనుకొండ, చంద్రగిరి, వేలూరుల నుంచి మరో మూడు పాతికల ఏళ్లు పాలించింది. 1639లో చెన్నపట్నం స్థలాన్ని ఇంగ్లీషువారికి ఇచ్చింది ఆ రాజ్యపు నాయకులే. కాబట్టి సామ్రాజ్యం 1565లోనే ముగిసిందనడం పొరపాటు.

ఈ సమాధానాలను గౌరవిస్తూనే నేను రామరాయల వైపు పూర్తిగా మొగ్గలేకపోతున్నాను. 1543లో తెలివైన రాజీ అయినది 1563 నాటికి కూడా రాజీగానే ఉండిపోవడం తప్పు. ఇరవై ఏళ్ల కాలంలో ఆయన సదాశివుణ్ణి నిజమైన రాజుగా నిలబెట్టలేదు, తన వంశాన్నీ బహిరంగంగా గద్దె ఎక్కించలేదు. తాను పోతే ఎవరు అనే ప్రశ్నకు ఎనభై ఏళ్ల వయసులో కూడా జవాబు సిద్ధం చేయలేదు. తిరుమల కిరీటం పెట్టుకుని, అధికారమూ బిరుదూ ఒకే చోట చేరాక ఏం జరిగిందో చూడండి. 1577 ప్రాంతంలో అలీ ఆదిల్ షా పెనుకొండను ముట్టడించాడు. తిరుమల కొడుకు శ్రీరంగరాయల కాలం అది. సైన్యం చిన్నది, ఖజానా పలచన, నగరం విజయనగరంతో పోలిస్తే ఏ మూలకు? అయినా కోట నిలబడింది, సుల్తాను తిరిగి వెళ్లాడు.

ఆ ఇరవై ఏళ్ల లోపానికి సామాన్యులు ఎలా మూల్యం చెల్లించారో సీజర్ ఫ్రెడరిక్ రాసిన ఒక చిన్న సంగతి చూపిస్తుంది. తిరుమల నగరాన్ని మళ్లీ నిలబెట్టాలని చూస్తున్న రోజుల్లో గోవా వర్తకులకు కబురు పంపాడు. యుద్ధంలో పోయిన తన గుర్రాలను, వాటి మీద రాజముద్ర ఉన్నా సరే, మంచి ధర ఇచ్చి కొంటానన్నాడు. వర్తకులు గుర్రాలు తోలుకొచ్చారు. ఆయన అన్నీ పుచ్చుకుని, పైసా ఇవ్వకుండా వాళ్లను పంపేశాడు. ఒకప్పుడు గుర్రాల ధరతోనే సముద్రతీరాన్ని శాసించిన రాజ్యం, తన గుర్రాలనే కొనుగోలు పేరుతో లాక్కునే గతికి దిగింది. ఇళ్లు నిలబడే ఉన్నా మనుషులు లేరని కూడా ఆయన రాశాడు. నగరాన్ని పోగొట్టినది గోడలు కూలడం కాదు, ఇక్కడ ఉంటే రక్షణ ఉంటుందన్న నమ్మకం జనానికి పోవడం. ఆ నమ్మకాన్ని తిరుమల డబ్బుతో కొనలేకపోయాడు.

తీర్పు

రామరాయలను అహంకారిగా చూపే కథలు ఆయన శత్రువులు చెప్పినవి, వాటిని సగానికి సగం తగ్గించుకోవాలి. ఆయన్ని ద్రోహుల చేతిలో బలైన అమాయకుడిగా చూపే కథలు ఓడినవారి ఊరట, వాటినీ అంతే తగ్గించుకోవాలి. యుద్ధం రావడంలో ఆయన తప్పు ఉంది గానీ, అది దక్కను రాజులందరూ చేసే తప్పే. మైదానంలో ఓడటానికి ఆయన వయసు, పాతబడిన యుద్ధపద్ధతి, బహుశా కొంత ద్రోహమూ కారణాలు. ఈ రెంటిలోనూ ఆయనను క్షమించవచ్చు.

క్షమించలేనిది మూడోది. లక్షల మంది ప్రాణాలు, రెండు శతాబ్దాల శ్రమ ఉన్న నగరాన్ని ఆయన తన ఒక్కడి ఊపిరికి కట్టేశాడు. తాను లేని రోజున ఆజ్ఞ ఇచ్చేవాణ్ణి, గోడ మీద నిలబడేవాణ్ణి తయారుచేయలేదు. సమర్థుడు కాబట్టి ఇరవై ఏళ్లు ఆ లోపం బయటపడలేదు. సమర్థుడు కావడమే దాన్ని మరింత ప్రమాదకరం చేసింది, ఎందుకంటే ఆయన ఉన్నంతకాలం ఎవరికీ దాన్ని సరిదిద్దాలని అనిపించలేదు.

తళ్లికోటను మతాల మధ్య పగకు సాక్ష్యంగా వాడుకునేవారికీ, ద్రోహుల జాబితాగా వాడుకునేవారికీ నేను చెప్పదలచుకున్నది ఇదే. పాలకుడు ఎంత దక్షుడైనా, రాజ్యం అతని కంటే పెద్దదిగా ఉండాలి. వారసుడెవరో, కోట ఎవరిదో, ఆజ్ఞ ఎవరి నోట రావాలో ముందే తేలి ఉండాలి. విజయనగరం గురించి బాధపడే హక్కు మనకుంది. ఆ బాధను బయటి శత్రువుల మీద కోపంగా మాత్రమే మిగుల్చుకుంటే, ఆ నగరం ఇచ్చిన అసలు హెచ్చరికను మనం విననట్టే.